ఆమేన్‌కు ముందు మూడు సెకన్లు

రువైస్ నుంచి అబుదాబి వచ్చే రోడ్డు మీద మాణిక్యం కారును ఒక నీళ్ళ ట్యాంకరు వెనక నుంచి గుద్దింది. డ్రైవరు దిగి ఎడారిలోకి పరుగెత్తి మాయమయ్యాడు. పైకి చూస్తే మాణిక్యం రిఫైనరీలో వెల్డరు. అసలు ఉద్యోగం ఫ్రెంచి సామ్రాజ్యపు గూఢచారి సంస్థ ఇంపీరియల్ బ్యూరోలో. ప్రాణం పోయేలోపు అతను ఫోన్లో ఒకే ఒక్క వాక్యం పంపగలిగాడు. "యువరాజు పట్టీ దగ్గరున్న మనవాళ్ళలోనే ఒకరు అమ్ముడుపోయారు."

మూడో రోజు పొద్దున్న తొమ్మిదింటికి ఏజెంట్ సామ్యేలు అల్ వర్సాన్‌లో ఒక గోడౌను తలుపు తట్టాడు. బోర్డు మీద 'గౌతమి జనరల్ ట్రేడింగ్' అని ఉంది.

"పులస దొరుకుతుందా?"

"ఫిబ్రవరిలోనా? గోదారికి వరద రానీ," అంది లోపలి గొంతు.

తలుపు తెరుచుకుంది. బియ్యం బస్తాల వెనక ప్లాస్టిక్ కుర్చీలో బ్యూరో గల్ఫ్ చీఫ్ సుధారాణి కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నేత చీర, మొహానికి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు. అది 2021. లోకమంతా మాస్కుల్లోనే ఉంది, గూఢచారులకు ఇంతకన్నా మంచి కాలం మళ్ళీ రాదు.

ఫ్రెంచి సామ్రాజ్యం ఎక్కడిది, అది ఎప్పుడో పోయింది కదా అని మీరు అడగొచ్చు. మీరు చదివిన చరిత్రలో పోయింది. అక్కడ 1879లో ఆఫ్రికాలోని జులు దేశంలో శత్రువులు చుట్టుముట్టినప్పుడు, రాజ్యం పోగొట్టుకున్న ఫ్రెంచి యువరాజు గుర్రమెక్కబోతే జీను పట్టీ చేతిలోనే తెగింది. ఆయన ప్రాణం పోయింది, వంశం కథ ముగిసింది. ఈ కథ జరిగే లోకంలో ఆ పట్టీ తెగలేదు. దాన్ని కుట్టినవాడు యానాం నుంచి వెళ్ళిన తోలుపనివాడు జోగయ్య. యువరాజు ఆ పట్టీ పట్టుకుని ఎగిరి జీనెక్కాడు, బతికి బయటపడ్డాడు, తర్వాత పారిస్‌లో సింహాసనమూ ఎక్కాడు. ఇవాళ్టికీ ఏలేది ఆయన వంశమే, యానాం ఇవాళ్టికీ ఫ్రెంచివాళ్ళదే. రెండు లోకాలకీ తేడా అంతే.

"లోపలివాడివి, నీకు నేను కొత్తగా చెప్పేదేముంది గానీ, వరసలో చెబుతాను విను," అంది సుధారాణి. "పారిస్‌లో చక్రవర్తి మంచాన పడి రేపటికి నలభై రోజులు. నలభై రోజుల్లోగా వారసుడు జీను ప్రమాణం చేయాలి. అంటే ముగ్గురు సెనేటర్ల ముందు, నడుస్తున్న గుర్రం మీదికి, ఆ పట్టీ ఒక్కటే పట్టుకుని ఎగిరి ఎక్కాలి. ఎక్కితే రాజ్యం ఆయనది. ఎక్కలేకపోతే వంశం హక్కు రద్దు."

"ప్రిన్స్ ఎతియెన్ ఇక్కడే ఎందుకున్నారు?"

"గుర్రప్పందేనికి వచ్చారు, కోవిడ్ పట్టుకుంది. తగ్గేసరికి రోజులు అయిపోయాయి. ప్రమాణం ఎక్కడైనా చేయొచ్చు. రేపు ఉమ్ అల్ క్వైన్‌లో, ఒక ప్రైవేటు గుర్రాల శాలలో. డెడ్‌లైన్ పారిస్ టైము మధ్యాహ్నం పన్నెండు. మనకి మూడు."

"లిల్లీ ముఠా సంగతి?"

"పాత రాజవంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలని విదేశాల్లో కూర్చుని ఏడుస్తున్నవాళ్ళేగా. మాణిక్యాన్ని చంపింది వాళ్ళే. రేపు గుర్రం నడుస్తుండగా పట్టీ తెగిందనుకో, యువరాజు డెక్కల కింద పడతాడు. చూసేవాళ్ళకి ప్రమాదం. బుల్లెట్ అక్కర్లేదు, అరెస్టు ఉండదు."

"పట్టీ దగ్గర ఉండేది ఎవరెవరు?"

సుధారాణి మాస్కు సర్దుకుంది. "ఇద్దరే. పట్టీదారు, నర్సు. పట్టీదారు పేరు నీకు చెప్పక్కర్లేదు."

నిజమే, అక్కర్లేదు. జోగయ్య వంశంలో తరానికొకడు పట్టీదారు అవుతాడు. ఈ తరంలో అది సామ్యేలు తమ్ముడు ఐజక్.

"నర్సు పేరు కూడా చెప్పక్కర్లేదు," అంది సుధారాణి. "ఫేబా."

ఫేబా తాళ్ళరేవు పిల్ల. పైకి అబుదాబి ఆసుపత్రిలో నర్సు, లోపల బ్యూరోలో అందరికన్నా తెలివైన ఏజెంటు. మూడేళ్ళ కింద మార్సెయ్‌లో ఆమె, సామ్యేలు మొగుడూ పెళ్ళాల వేషంలో ఆర్నెల్లు ఒకే ఇంట్లో ఉన్నారు. వేషం ఎప్పుడు నిజమైందో అతనికి తెలీదు. మిషన్ అయిపోయిన మర్నాడు ఆమె ఫోన్ నంబరు మారిపోయింది.

"మేడమ్, ఈ పని ఇంకెవరికైనా..."

"ఇంకెవరూ లేరు. మాణిక్యం ఉండేవాడు."

ఆవిడ బస్తా వెనక నుంచి ఒక తెల్ల పీపీఈ సూటు, వీపుకి తగిలించుకునే ఫాగింగ్ మెషిన్ తీసింది. "నీ వేషం ఇదే. మందు కొట్టేవాడివి. గల్ఫ్‌లో యూనిఫాం వేసుకున్న తెలుగువాణ్ణి ఎవరూ తలెత్తి చూడరు. ఈ దేశంలో మన బ్యూరో నడిచేది దాని మీదే. ట్యాంకులు రెండున్నాయి. పచ్చ బటన్ నొక్కితే డెట్టాల్ వాసన. ఎర్ర బటన్ నొక్కితే అరనిమిషంలో ఫుట్‌బాల్ గ్రౌండంత పొగ. ఎర్రది ఊరికే నొక్కకు."

"ఆయ్," అన్నాడు సామ్యేలు.

"ఇంకో మాట. తమ్ముడి మీద నీకున్న కడుపుమంట నాకు తెలుసు. దాన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళు."

ఆవిడ అలా అనడం సులువే. అది వదిలేస్తే వదిలేదా? తోలుకు తూట్లు పొడిచే ఆరె ఒకటి వాళ్ళ ఇంట్లో జోగయ్య కాలం నుంచి ఉంది. పిడి అరిగి నల్లబడి, తండ్రి చేతి చెమట వాసన వేసేది. పెద్దకొడుకు కాబట్టి అది తనకే వస్తుందని సామ్యేలు పద్నాలుగేళ్ళు ఎదురుచూశాడు. తీరా ఆ రోజు తండ్రి ఇద్దరి కుట్లూ పక్కపక్కన పెట్టి చూసి, ఆరెను ఐజక్ చేతిలో పెట్టాడు. "నీది ఎడమచేతి వాటం రా పెద్దోడా. కుట్టు అటు వాలుద్ది," అన్నాడు, అంతే. సామ్యేలు ఆ నెలలోనే బ్యూరోలో చేరి పదిహేను దేశాలు తిరిగాడు. ఆ మాట మాత్రం అతనికన్నా ముందే ప్రతి దేశంలోనూ దిగి కూర్చునేది.

*

మర్నాడు పదింటికి సామ్యేలు గుర్రాల శాలలో మందు కొడుతున్నాడు. తెల్ల సూటు, కళ్ళజోడు, మాస్కు. తన కన్నతల్లి ఎదురొచ్చినా గుర్తుపట్టదని అతని నమ్మకం.

"అన్నా, గుర్రం కాడ కొట్టగాకు," అని అరిచాడు గుర్రాలు చూసే సాయిస్ కరీముల్లా. కడపవాడు. "అది బెదిరిందంటే ముదీర్, అదే మేనేజరు, నన్ను ఈడనే పాతిపెడతాడు. అవతల కొట్టుకో పో, యల్లా!"

సామ్యేలు అవతలికి పోయాడు. అవతల అంటే జీనుల గది కిటికీ. లోపల ఐజక్ బల్ల మీద పట్టీ పెట్టుకుని మైనం రుద్దుతున్నాడు. ఎదురుగా ఫేబా. తెల్ల యూనిఫాం, కాటుక కళ్ళు. మాస్కు మిగతా మొహాన్ని దాచినా ఆ కళ్ళ దగ్గర దాని ఆటలు సాగలేదు. ఆమె టిఫిన్ డబ్బా మూత తీసింది. రొయ్యల వేపుడు వాసన కిటికీ దాటి, మాస్కు దాటి సామ్యేలు ముక్కులోకి వచ్చింది. మార్సెయ్‌లో ఆదివారాలు ఆమె వండిన వేపుడే. అదే కరివేపాకు, అదే మిరియం. దొంగమొహం, వేపుడైనా మార్చలేదు!

ఐజక్ ఏదో అన్నాడు. ఫేబా నవ్వింది. ఐజక్ కూడా నవ్వాడు.

సామ్యేలు మాస్కులోని మైకులో గొణిగాడు. "మేడమ్, ద్రోహి ఐజకే."

"ఆధారం?" అంది చెవిలో సుధారాణి.

"నవ్వుతున్నాడు."

"నవ్వితే ద్రోహమా?"

"మా వాడు నవ్వడు మేడమ్. పుట్టినప్పటి నుంచి నవ్వలేదు."

"సామ్యేలూ, నాకు ఆధారం కావాలి. నీ ఏడుపు కాదు."

ఇద్దరూ కోవిడ్ టెస్టు కోసం యువరాజు గదికి వెళ్ళగానే అతను జీనుల గదిలో దూరి ఐజక్ సంచీ మొత్తం బల్ల మీద పరిచాడు. బైబిలు, నూలు ఉండలు, మైనం, ఆరె. ఆరెను మాత్రం చేత్తో తాకకుండా సంచీ అంచుతో పక్కకి జరిపాడు. అడుగున కొత్త సెంటు సీసా కనిపించింది. మూత మీద చిన్న కాగితం, 'ఐజక్ గారికి' అని ఫేబా అక్షరాలు. దొరికాడు! జేబులోని కిట్టు తీసి ఆ సెంటును ఆరు రకాల విషాలకు పరీక్ష చేశాడు. అరగంట పట్టింది. ఫలితం: సెంటు. మంచి కంపెనీది.

ఆ అరగంటలో అదే బల్ల మీద ఫేబా వదిలివెళ్ళిన శానిటైజర్ సీసా అతని మోచేతికి రెండుసార్లు తగిలింది. రెండుసార్లూ దాన్ని జాగ్రత్తగా నిలబెట్టాడు. ఆమె వస్తువుని అనుమానించాలని అతనికి తోచలేదు. ఆమె తనకి దక్కలేదనే బాధ తప్ప, ఆమె చెడ్డదనే ఊహ అతని బుర్రలో ఎక్కడా లేదు. అసూయ మనిషిని ఎంత మూర్ఖుణ్ణి చేస్తుందో బ్యూరో ట్రైనింగులో ఒక క్లాసు ఉంది. సామ్యేలుకు అందులో ఫస్ట్ మార్కు వచ్చింది కూడా.

*

రెండూ ఇరవైకి యువరాజు ఎతియెన్ జీనుల గదిలోకి వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడు. జబ్బుపడి లేచాడేమో, కాలరు వదులైంది. బయట ఇసుక మైదానం చుట్టూ పందిరి కింద ముగ్గురు సెనేటర్లు కూర్చుని వాచీలు చూసుకుంటున్నారు. గదిలో ఉన్నది నలుగురే. యువరాజు, ఐజక్, ఫేబా, తలుపు పక్కన మందు కొట్టేవాడు.

"మీ తాతలు మా తాతని కాపాడారు," అన్నాడు యువరాజు ఫ్రెంచిలో. "నా చేతులు వణుకుతున్నాయి. చెప్పుకుంటే సిగ్గు."

"మీరు పట్టీ పట్టుకోండి దొరా. మిగతాది అది చూసుకుంటుంది," అన్నాడు ఐజక్.

పద్ధతి ప్రకారం ఐజక్ పట్టీని మూడుసార్లు బలంగా లాగి చూపించాడు. పట్టీ కిర్రుమంది కానీ కదల్లేదు. తర్వాత దాన్ని తన వెనక బల్ల మీద పెట్టాడు. పరీక్ష అయ్యాక ప్రార్థన, ప్రార్థన అయ్యాక గుర్రం. ఆ వరస జోగయ్య పెట్టిందే, ఇన్నేళ్ళలో ఎవరూ మార్చలేదు.

"కన్నులు మూసుకుని తలలు వంచుదాం," అన్నాడు ఐజక్. "ప్రేమగల మా పరలోకపు తండ్రీ..."

యువరాజు తల వంచాడు. సామ్యేలు వంచినట్టు నటించాడు. కళ్ళు మూసుకుంటే ఎలా? ప్రార్థనలో ఉన్నప్పుడు పక్కపక్క చేతులు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి, అది అతనికి మార్సెయ్ చర్చిలో అనుభవం. ఫేబా చెయ్యి ఐజక్ చేతిని తాకుతుందా లేదా, ఈ లోకంలో అతనికి తెలియాల్సింది అదొక్కటే.

ఫేబా చెయ్యి కదిలింది. ఐజక్ వైపు కాదు, బల్ల వైపు. శానిటైజర్ సీసా ఎత్తి, పట్టీ కుట్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నాలుగుసార్లు కొట్టింది. తెల్ల దారం చూస్తుండగానే పసుపు తిరిగింది. సీసాలో ఉన్నది శానిటైజర్ కాదు, యాసిడ్.

అప్పుడు ఆమె తలెత్తి సూటిగా అతని కళ్ళజోడులోకి చూసింది. పీపీఈ సూటూ లేదు, వేషమూ లేదు. ఎవరో ఆమెకి మొదటి నుంచీ తెలుసు. ఆ కాటుక కళ్ళు ఒకసారి ఐజక్ మీదికి పోయి మళ్ళీ అతని దగ్గరికి వచ్చాయి. మాట లేకపోయినా అందులో ఏముందో అతనికి పూర్తిగా అర్థమైంది. పట్టీ తెగితే కూలేది యువరాజు ఒక్కడే కాదు. పట్టీదారు ఐజక్ జైలుకి పోతాడు, జోగయ్య పేరు ఐజక్ చేతుల్లో మట్టి కొట్టుకుపోతుంది. కుట్టు వాలుతుందన్న తండ్రి మాట అబద్ధమైపోతుంది. నువ్వు చేయాల్సిందేమీ లేదు సామ్, కళ్ళు మూసుకో చాలు.

ఒకటి.

ఐజక్ గొంతు సాగుతూనే ఉంది. "...మా పితరుల చేతి పనిని ఆశీర్వదించిన తండ్రీ..."

రెండు.

సామ్యేలు కదల్లేదు. ఈ మాట రాయడానికి సిగ్గేస్తుంది కానీ నిజం నిజమే. కోర్టు బోనులో తమ్ముడు నిలబడి ఉండగా ఆరె తన చేతిలోకి రావడం అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అది బాగుంది కూడా.

మూడు.

"...మా అన్నయ్యను ఏ దేశంలో ఉన్నా కాచి కాపాడు ప్రభువా..."

సామ్యేలు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి మాట రాకముందే ఫేబా రెండడుగుల్లో పక్కకొచ్చి అతని కుడి భుజంలో సూది దించింది.

"సెకండ్ డోస్," అంది చెవి దగ్గర. "నువ్వు మారిపోయావు సామ్. నేను లెక్కేసింది పాత నిన్ను."

నాలుక మొద్దుబారింది. కుడి చెయ్యి, కుడి కాలు ఎవరివో అయిపోయాయి. అతను గోడ వెంట జారి కింద కూలబడ్డాడు.

"ఆమేన్," అన్నాడు ఐజక్.

"ఆమేన్," అని కళ్ళు తెరిచాడు యువరాజు. "అయ్యో, ఇతనికేమైంది?"

"పీపీఈలో ఎండదెబ్బ దొరా, రోజూ ఉండేదే. నేను చూసుకుంటాను, మీరు వెళ్ళండి," అంది ఫేబా, అతని నాడి పట్టుకుని.

ఐజక్ ఒక్క క్షణం ఇద్దరినీ చూశాడు. తర్వాత మొహం తిప్పుకుని, కుట్ల వైపు చూడకుండానే పట్టీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఫేబా సామ్యేలు చెవిలోని ఇయర్‌పీసు, మాస్కులోని మైకు పీకి పారేసి, వెనక తలుపు గుండా తాపీగా కారు వైపు నడిచింది.

*

రెండూ ముప్పై ఒకటి. జీను మీద పట్టీ బిగించారు. కరీముల్లా గుర్రాన్ని వృత్తంలో నడిపించడం మొదలుపెట్టాడు. యువరాజు పక్కన పరుగందుకున్నాడు. ఒక రౌండు పరుగు, రెండో రౌండులో ఎగరాలి.

సామ్యేలు ఎడమ మోచేతి మీద పాకుతున్నాడు. తలుపు ఆరడుగులు. అరుద్దామంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వీపు మీద మెషిన్ గడపకి తట్టుకుంది. ఎడమ చేత్తో ట్రిగ్గర్ తడిమాడు. యువరాజు చెయ్యి పట్టీ వైపు లేస్తోంది. ఎర్ర బటన్!

భుస్సున పొగ మైదానాన్ని మింగేసింది. సెనేటర్లు దగ్గారు. గుర్రం బెదిరి ముందుకాళ్ళు లేపి పక్కకి దూకింది. "యా అల్లా! ఆ మందోడు నా కొంప ముంచినాడు!" అని కరీముల్లా కేక. పొగ పలచబడేసరికి యువరాజు ఇసుకలో రెండు కాళ్ళ మీదే నిలబడి ఉన్నాడు. గుర్రం పదడుగుల అవతల ఉంది. పట్టీ మాత్రం కుట్లన్నీ ఊడి ఆయన చేతిలో వేలాడుతోంది.

ఐజక్ పరుగున వచ్చి ఆ దారాన్ని వేళ్ళతో నలిపాడు. అది పిండిలా రాలింది. తర్వాత అతను గడప మీద పడి ఉన్న తెల్ల సూటు దగ్గరికి వచ్చి కళ్ళజోడు లాగేశాడు.

"అన్నయ్యా, ఫేబా గారేనా?"

సామ్యేలు కళ్ళతోనే అవునన్నాడు.

రెండూ నలభై. పెద్ద సెనేటరు లేచాడు. "ప్రమాణం విఫలమైనట్టు రాసుకోవచ్చా?"

"తోలు బాగానే ఉందండి. పోయింది దారమే," అన్నాడు ఐజక్. పట్టీని బకెట్టు నీళ్ళలో ముంచి, తుడిచి, బల్ల మీద పరిచాడు. "తూట్లు నలభై. ఒక్కో తూటులోంచి రెండు సూదులు, ఎదురెదురుగా. ఒక్కడినే అయితే అరగంట పడుతుంది. ఇద్దరైతే పదిహేను నిమిషాలు."

"రెండోవాడు ఎవరు? చట్టం ప్రకారం పట్టీదారు కుటుంబం తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు."

ఐజక్ వంగి అన్నని చంకల కింద పట్టి లేపి బల్లకి అవతల కూర్చోబెట్టాడు. "ఇతను మా ఇంటి పెద్దకొడుకండి."

ఇరవై ఏళ్ళలో ఆ మాట సామ్యేలు ఎవరి నోటా వినలేదు. తమ్ముడి నోట అసలే వినలేదు. కుడి చెయ్యి చచ్చుబడి వేలాడుతోంది. ఎడమ చేతి వేళ్ళ మధ్య ఐజక్ సూది పెట్టాడు, మొదటి తూటులో ఆరె పొడిచాడు.

"రా అన్నయ్యా. అటు నుంచి లాగు."

అటు నుంచి సామ్యేలు లాగాడు, ఇటు నుంచి ఐజక్ లాగాడు. ఎదురెదురుగా కూర్చుంటే ఎడమచేతి కుట్టు కుడిచేతి కుట్టుకి సరిగ్గా ఎదురు వాలి కూర్చుంది. దారం మైనంలో కిర్రుమంటూ బిగిసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ముప్పై ఎనిమిదో తూటు దగ్గర దారం చిక్కుపడింది, ఐజక్ పళ్ళతో తెంపి ముడేశాడు. రెండూ యాభై ఆరు.

మూడుసార్లు లాగి చూడ్డానికి మాత్రమే టైముంది. లాగారు. ప్రార్థన ఎగిరిపోయింది.

గుర్రం కదిలింది. యువరాజు పరుగెత్తాడు. పారిస్‌లో పన్నెండుకి నలభై సెకన్లు ఉండగా పట్టీ పట్టుకుని ఎగిరాడు. బరువంతా కుట్ల మీద పడి పట్టీ మూలిగింది. మరుక్షణం ఎతియెన్ జీను మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. సెనేటర్లు టోపీలు తీశారు. పెద్దాయన వాచీ చూసుకుని, సంతకం పెట్టాడు.

*

ఫేబాను పట్టుకోవడానికి బ్యూరో పెద్దగా శ్రమపడలేదు. రువైస్ దగ్గర ముఠా బోటు ఆమె కోసం ఎదురుచూస్తోంది. అక్కడికి పోవాలంటే అబుదాబి బోర్డరు దాటాలి. ఆ రోజుల్లో టెస్టు రిపోర్టు లేనిదే ఎవర్నీ దాటనిచ్చేవారు కాదు. నలభై రోజులు యువరాజు దగ్గర్నుంచి సాయిస్ దాకా అందరి ముక్కుల్లోనూ పుల్ల పెట్టి పరీక్షించిన నర్సమ్మ తన ముక్కు సంగతి మర్చిపోయింది. లైనులోంచి కారు పక్కకి తీయమన్నారు. వెనక గౌతమి ట్రేడింగ్ బియ్యం వ్యాను అడ్డంగా ఆగింది.

"ఎందుకు చేశావే?" అని సుధారాణి అడిగింది.

"మీ కుర్చీ కోసం మేడమ్," అంది ఫేబా. "లిల్లీవాళ్ళు గెలిస్తే గల్ఫ్ చీఫ్ నేనే. పదేళ్ళు మీ వెనక నిలబడి చూశాను, మీకన్నా నేనేం తక్కువ?" ప్లాస్టిక్ కుర్చీని తలుచుకుని సుధారాణి చాలాసేపు నవ్విందట.

సాయంత్రం ఐదింటికి గుర్రాల శాల వెనక గోడ నీడలో అన్నదమ్ములు కూర్చున్నారు. సామ్యేలుకు నాలుక తిరిగొచ్చింది, కుడి చెయ్యి ఇంకా చీమలు పాకినట్టుంది. మధ్యలో ఫేబా టిఫిన్ డబ్బా. విషం లేదని కిట్టుతో మూడుసార్లు చూసుకుని, రొయ్యలు వృథా చేయడం ఎందుకని తింటున్నారు.

"రిపోర్టు రాశావా అన్నయ్యా?"

"రాశా. ఆమె మందు కొట్టడం చూసిన వెంటనే అడ్డుకోబోయానని."

"వెంటనే కాదుగా," అన్నాడు ఐజక్, రొయ్య తోక తీస్తూ. "మూడు సెకన్లు ఆగావు."

సామ్యేలు నోట్లో ముద్ద ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

"కళ్ళు తెరిచే ఉన్నా."

"ప్రార్థన చేసేది నువ్వు కదరా!"

"నోటితో చేశా. కళ్ళు నీ మీద పెట్టా. నీ నడక నాకు తెలీదా, పొద్దున్నే గుర్తుపట్టా. బల్ల నా వెనకుంది, మందు సంగతి చూళ్ళేదు. ఆవిడ నీకేసి చూడగానే నువ్వు బిగుసుకుపోవడం మాత్రం చూశా. ఆవిడ రోజూ టిఫిన్ తెచ్చి కూర్చుని అడిగేది నీ గురించే. సామ్ ఏం తింటాడు, సామ్ చిన్నప్పుడు ఎలా ఉండేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అసలు నువ్వంటేనే నాకు మంట. నాన్న నా చేతిలో ఆరె పెట్టి ఇంట్లో కట్టేశాడు. నీ దగ్గర్నుంచి కార్డు ముక్క వస్తే మాత్రం వీధి వీధంతా చూపించుకునేవాడు."

తండ్రి అలా చూపించుకునేవాడని ఇరవై ఏళ్ళలో ఒక్కరూ సామ్యేలుకు చెప్పలేదు.

"ఆవిడ నీ చెవిలో ఏదో గుసగుసలాడింది, నువ్వు కింద పడ్డప్పుడు నీ చెయ్యి పట్టుకుంది. సూది నాకు కనబళ్ళేదు," అన్నాడు ఐజక్ తల దించుకుని. "ఏమైందో చూడాల్సింది పోయి, కుళ్ళుకుని బయటికి పోయా. నీవి మూడు సెకన్లే. నేను అసలు ఆగనే లేదు."

"నువ్వు కూలిపోతే బాగుండునని అనుకున్నాన్రా ఆ మూడు సెకన్లూ," అన్నాడు సామ్యేలు. "నాలుగోదానికి నోరు తెరిచా. అంతే నా గొప్ప."

ఐజక్ డబ్బాలో మిగిలిన పెద్ద రొయ్యను అన్న వైపు జరిపాడు. సామ్యేలు దాన్ని తిరిగి తమ్ముడి వైపు జరిపాడు. అది మధ్యలో అలాగే ఉండిపోయింది.

సామ్యేలు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఒరేయ్, గదిలో ఉన్నది నలుగురం. ఆవిడ పట్టీని చూస్తోంది, నేను ఆవిణ్ణి చూస్తున్నా, నువ్వు నన్ను చూస్తున్నావు. మరి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసిందెవరు?"

"యువరాజు గారొక్కరే అన్నయ్యా," అన్నాడు ఐజక్. "పాపం, ఆయనకి మన మీద నమ్మకం."